ఎనిమిది గళ్ళ పంచనామా

ఆయన పోయిన సంగతి నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయల బండి దగ్గర తెలిసింది. మా పాత ఆఫీసులో డేటా ఎంట్రీ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒకావిడ బెండకాయల కొసలు విరిచి చూస్తూ, "మీకు తెల్వదా మేడం, మన టేపుల రూం సార్ పోయిండు. మొన్న సోమవారం" అంది.

"టేపుల రూం సార్ ఏంటండీ? ఆయన ప్రోగ్రామర్" అన్నాను.

"ఏమో మేడం. నేను డ్యూటీల చేరేటాలకు ఆయన టేపుల రూంల్నే ఉన్నడు. అందరం గట్లనే అంటుంటిమి."

నా నోటి సంగతి మా కాలనీలో అందరికీ తెలుసు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు మొదలు కాలనీ సంఘం అధ్యక్షుడి దాకా నాచేత మాట పడనివాడు లేడు. అయినా ఆవిడను ఏమీ అనలేకపోయాను. ఆయనకు ఆ పేరు రావడానికి కారణం నేనే. చేయని పని చేసినట్టు ఒక కాగితం మీద నేను పెట్టిన దొంగ సంతకం వల్ల ఆయన సీటు పోయింది. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి చదివేవాళ్ళను ఊరించే ఓపిక నాకు లేదు.

అర కిలో బెండకాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను. వండాను, తిన్నాను, గిన్నెలు కడుక్కున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను కూడా.

నేను ఉద్యోగంలో చేరింది ఎనభైల నడుమ. లెక్కల్లో బీఎస్సీ, ఫస్ట్ క్లాసు, దానికి తగ్గ పొగరు. పరీక్షల మార్కులన్నీ కూర్చి ఫలితాల పట్టికలు తయారుచేసే కంప్యూటర్ కేంద్రం మాది. మిషన్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపల ఎముకలు కొరికే చలి. మే నెలలో, బయట రోడ్ల మీద తారు కరుగుతుంటే, ఆయన తలకు మంకీ క్యాప్ తగిలించుకుని, మెడకు మఫ్లర్ చుట్టుకుని, ఉన్ని సాక్సుల కాళ్ళు కుర్చీ మీదకు మడిచి పెట్టుకుని ఉండేవారు. చూసినవాళ్ళు ఎవరో జ్వరం మనిషి అనుకునేవాళ్ళు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదు దాటలేదు.

నేను చేరిన మూడో రోజున ఒక ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ పడిపోయింది. ఆపరేటరు మళ్ళీ మొదలుపెట్టబోయాడు. ఈయన రెండు చేతులూ పైకెత్తి ట్రాఫిక్ పోలీసులా నిలబడ్డారు.

"ముట్టొద్దు. ఎవ్వరు ముట్టొద్దు. పంచనామా గాకుండ శవాన్ని లేపుతరా?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

"నవ్వుతవేందమ్మా?"

"ఆగిపోయిన మిషన్‌కు పంచనామా ఏంటి సార్?"

"ఆగుడు వేరు, సచ్చుడు వేరు. ఆగింది మళ్ల నడుస్తది. ఇది సచ్చింది. ఎట్ల సచ్చిందో దాన్నే అడగాలె. నువ్వు మళ్ల నడిపిస్తివనుకో, సాక్ష్యం మొత్తం తుడిచినట్టే."

అడగడం ఎలాగో తర్వాత నేర్పారు. కంప్యూటర్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ఆ మిషన్ ఏ పని చేసినా తన బుర్రలో ఉన్న ఎనిమిది చిన్న గళ్ళలోకి తీసుకునే చేస్తుంది. వాటిని రిజిస్టర్లు అంటారు. ఒక గడిలో కూడాల్సిన అంకె ఉంటుంది, ఒక గడిలో ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైన గడిలో తర్వాత చేయాల్సిన పని ఎక్కడ రాసి ఉందో ఉంటుంది. ప్రోగ్రాం చచ్చిపోగానే మిషన్ ఆఖరి ఊపిరిలో ఆ ఎనిమిది అంకెలనూ వరసగా డిస్కు మీద రాసి, వాటి వెనకాల తన జ్ఞాపకమంతా కుమ్మరించేస్తుంది. దాన్నే కోర్ డంప్ అంటారు. అచ్చు వేస్తే వెడల్పాటి కాగితాల కట్ట, నిండా అంకెలు. ఒక్క పేరు ఉండదు. వరసలో మొదటిది ఏ గడిది, చివరిది ఏ గడిది అన్నది ముందే చేసుకున్న ఒప్పందం. ఆ ఒప్పందం మాన్యువల్లో ఒకే ఒక్క పేజీలో ఉంటుంది.

మా ఆఫీసులో మరెవ్వరూ చేయని పని ఆయన చేశారు. పంచనామాకు ఒక ఫారం తయారుచేసి సైక్లోస్టైల్ చేయించారు. పైన ఎనిమిది గళ్ళు. కింద "మరణ స్థలం", దాని కింద "మరణ కారణం", అట్టడుగున "పంచులు" అని ఇద్దరు సాక్షులకు ఖాళీ. ఆ గదిలో ఎవరుంటే వాళ్ళు సాక్షులు. టీ తెచ్చిన అటెండరు చేత కూడా ఒకసారి సంతకం పెట్టించారు. అతను భయపడి, "నాకేం దెల్వది సార్, నేనిప్పుడే ఒచ్చిన" అన్నాడు. "అందుకనే నువ్వు మంచి సాక్షివి" అన్నారు ఈయన.

ఆ అంకెలు మన పదుల లెక్కలో ఉండవు, పదహార్ల లెక్కలో ఉంటాయి. తొమ్మిది తర్వాత ఏ, బీ, సీ అంటూ ఎఫ్ దాకా పోతాయి. అందరూ కాగితం మీద కుస్తీ పడుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. నాలుగు వేళ్ళకు కణుపులు పన్నెండు, కొసలు నాలుగు. పదహారు. బొటనవేలు వాటి మీద గబగబా తిరిగేది. బస్సులో ఆయన వేళ్ళు చూసి ఒక పెద్దావిడ, "ఏ మంత్రం నాయనా" అని అడిగింది. "సచ్చినోళ్ల మంత్రమమ్మా" అన్నారు. ఆవిడ లేచి వేరే సీటుకు పోయింది.

ఎవరి ప్రోగ్రాం పడిపోయినా "ఎవరిది?" అని అడగనిచ్చేవారు కాదు. "ఎవరు అని అడిగితే మనిషి ముడుచుకుంటడు. ఎక్కడ అని అడుగు. ఎక్కడ అన్నది దొరికినంక ఎవరన్నది అదే ఒస్తది, అప్పటికి కోపం గూడ ఉండదు."

ఆయనది కర్మన్‌ఘాట్. గుడి వెనకాల తాతల నాటి ఇల్లు. వాళ్ళకు ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవి. నేను చూసేనాటికి పందిళ్ళు పీకేసి, ఆ రాతి స్తంభాలనే కోసి ప్లాట్ల హద్దురాళ్ళు చేస్తున్నారు. అన్నలిద్దరూ ప్లాట్ల వ్యాపారం. ఈయన ఒక్కడే చదువుకుని మంకీ క్యాప్ పెట్టుకున్నాడని వాళ్ళ ఎగతాళి. ఇంట్లో అల్మారా అరలన్నిటికీ డంప్ కాగితాలే పరిచి ఉండేవి. పప్పు డబ్బా తీస్తే కింద ఏదో చచ్చిన ప్రోగ్రాం కనిపించేది.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్ళం. మలక్‌పేట దాటేలోపు ఒక గొడవ అయ్యేది. నేనే మొదలుపెట్టేదాన్ని.

"మీవాళ్ళు తోటలన్నీ నరికేసి, రాళ్ళు పాతేసి, మమ్మల్ని నీళ్ళు లేని చోట పడేశారు సార్."

"నిన్నెవరు రమ్మన్నరమ్మా గుంటూరు నుంచి?"

"మేం రాకపోతే ఆ రాళ్ళు ఎవరికి అమ్మేవాళ్ళు?"

ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, "అదీ నిజమే" అనేవారు.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండేది. ఎంత పదునుగా వాదించినా చివరికి "అదీ నిజమే" అనేసి ఊరుకుంటే ఇక ఎవరితో కొట్లాడాలి? గెలిచినట్టూ ఉండదు, ఓడినట్టూ ఉండదు.

ఒక ఆదివారం మా నాన్న ప్లాటు చూస్తానంటే మీర్‌పేట్ వైపు వాళ్ళ పెద్దన్న వేసిన వెంచరుకు వెళ్ళాం. అక్కడ పెద్ద లొల్లి. నల్గొండ నుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరు నలభై ఒకటో నంబరు రాయి చూసుకుని బేస్‌మెంటు దాకా లేపేశాడు. తీరా చూస్తే ఆ జాగా ఒక టీచరుది. మధ్యలో రోడ్డు జరిపి లేఅవుటు మార్చారు. కాగితం కొత్తది, రాళ్ళు పాతవి. డ్రైవరు నెత్తిన చేతులు పెట్టుకుని సిమెంటు బస్తా మీద కూలబడి ఉన్నాడు.

"రాయి మీద నంబరు లేదా? నాకు కండ్లు లేవా?" అంటున్నాడు.

ఈయన రాయి దగ్గర గొంతుక్కూర్చుని, కాగితం చూసి, "రాయి అబద్ధం చెప్పలే. కాగితం గూడ అబద్ధం చెప్పలే. గీ కాగితం గా రాళ్లది కాదు, గంతే" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "రిజిస్టర్ల పేజీ నీకు రేపు చెప్దామనుకున్న. ఇగో, ఇదే" అన్నారు.

డ్రైవరూ టీచరూ ప్లాట్లు మార్చుకున్నారు. పెద్దన్న ఇద్దరికీ కొత్త కాగితాలు రాయించి ఇచ్చాడు. కాలనీల్లో అలా సర్దుకోవచ్చు.

మాన్యువళ్ళు అప్పట్లో రింగుల అట్టల్లో ఉండేవి. మిషన్ అమ్మిన కంపెనీవాళ్ళు ఏదైనా మారిస్తే పుస్తకం మొత్తం పంపేవాళ్ళు కాదు. మారిన పేజీలు మాత్రం ఒక కట్టగా పంపేవాళ్ళు. పాతవి తీసేసి కొత్తవి గుచ్చాలి. గుచ్చినవాళ్ళు అట్ట లోపల మొదటి పేజీ మీద కట్ట నంబరు వేసి సంతకం పెట్టాలి. ఆ పని ఆయన నాకిచ్చారు.

"ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నది కాగితాలు గుచ్చడానికా సార్?" అన్నాను.

"నీకు వాదన ఉన్నది. చదవకుండ గుచ్చవు. అందుకని నీకిచ్చిన."

మొదట్లో చదివే గుచ్చాను. తర్వాత ఆఫీసు అలవాటు నాకూ అంటుకుంది. తనిఖీకి వచ్చేవాళ్ళు పేజీలు చూడరు, సంతకాలు చూస్తారు. అందుకని అందరూ ముందు సంతకం పెట్టి, తీరిక దొరికినప్పుడు గుచ్చేవాళ్ళు. ఒక తనిఖీ ముందు రోజు అరవై పేజీల కట్ట వచ్చింది. సంతకం పెట్టాను. కట్టను సొరుగులో పెట్టాను. శనివారం గుచ్చుదామనుకున్నాను. శనివారం మా పిన్ని కూతురి సీమంతానికి వెళ్ళాను.

ఆ తర్వాత నెలలోనే ఫలితాల పని వచ్చింది. మిషన్‌లోకి కంపెనీ పంపిన కొత్త సిస్టం ఎక్కించారు. మార్కులు కూర్చే ప్రోగ్రాం ఆయన రాసిందే. మధ్యాహ్నం రెండింటప్పుడు చచ్చిపోయింది. చేతులెత్తారు. అందరం ఆగాం. ఎనిమిది అంకెలూ ఫారంలో గళ్ళ వరసన దింపారు. దించాక ఆయన బొటనవేలు కణుపుల మీద సగంలో ఆగింది.

"మాన్యువల్ తియ్యి" అన్నారు. తీశాను. రిజిస్టర్ల పేజీ చూశారు. అట్ట తిప్పి మొదటి పేజీ మీద నా సంతకం చూశారు.

"కొత్త కాగితాలు గుచ్చినవా?"

"గుచ్చాను సార్."

అప్పుడు నిజంగా గుచ్చాననే అనుకున్నానా, అబద్ధమాడానా అన్నది ముప్పై ఏళ్ళుగా నాతో నేనే వాదించుకుంటున్నాను. తేలలేదు. నోటికి మాత్రం తడుముకోకుండా వచ్చింది.

"అయితే ఇదే నిజం" అన్నారాయన.

ఆ పేజీ ప్రకారం మరణ స్థలం ఆయన రాసిన ముక్కలోనే తేలింది. అక్కడ వెతికారు. ఒక చోట చూసుకోవాల్సిన హద్దు చూసుకోలేదని దొరికింది. వెతికితే ఎవరు రాసిన దాంట్లో ఏ లోపమూ దొరకదు? మరణ కారణం గడిలో "నా పొరపాటు" అని రాసి, ఫారం నా ముందుకు తోశారు. పంచుల దగ్గర నేనే సంతకం పెట్టాను.

ఫలితాలు వారం ఆలస్యమయ్యాయి. పేపర్లు తిట్టాయి. పైవాళ్ళకు ఒక పేరు కావలసి వచ్చింది. ఆ పేరు ఆయన చేతిరాతతో, సాక్షులతో సహా సిద్ధంగా ఉంది. డైరెక్టరుగారు ఆ ఫారాన్నే ఫైలులో పెట్టి, ఆయన్ను కింది అంతస్తులో టేపులు భద్రపరిచే గదికి వేశారు. జీతంలో తేడా లేదు. డంప్ మాత్రం ఇక ఆయన దగ్గరికి పోదు. టేపు అడిగినవాళ్ళకు తీసివ్వాలి, తెచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని అరలో పెట్టాలి. ఆయన మంకీ క్యాప్ తీసి మడిచి సంచిలో పెట్టుకుని కిందికి దిగారు. అక్కడ అంత చలి ఉండదు.

నెల తిరక్కుండా అదే ప్రోగ్రాం మళ్ళీ చచ్చింది. ఆయన సరిచేసిన తర్వాత కూడా. ఈసారి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. తన సొంత మాన్యువల్ తెచ్చుకున్నాడు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. అతని పేజీలో ఎనిమిది గళ్ళూ తలకిందుల వరసలో ఉన్నాయి. మొదటిది చివర, చివరిది మొదట. కొత్త సిస్టం నుంచి అలా మార్చారట. అతను చూడగానే, తప్పు తమవాళ్ళిచ్చిన ముక్కలోనే ఉందని చెప్పి, వేరే టేపు ఎక్కించి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ రాయలేదు. పోయిన నెల ఫైలు ఎవరికీ గుర్తు రాలేదు.

నేను నా సొరుగు తీశాను. కట్ట అక్కడే ఉంది. దానికి కట్టిన దారం కూడా విప్పలేదు.

కిందికి తీసుకెళ్ళాను. ఆయన టేపుల మధ్య స్టూలు మీద కూర్చుని ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నారు. పేజీ ఆయన ముందు పెట్టాను. జరిగింది చెప్పాను. చేతులు తుడుచుకుని చదివారు. నన్ను చూడలేదు. పాత అంకెలు ఎనిమిదీ ఆయనకు నోటికొచ్చు. ఒక చిత్తు కాగితం మీద కొత్త వరసన వేసి, వేళ్ళ మీద లెక్క కట్టారు. చాలా సేపు పట్టింది. లేదా నాకలా అనిపించింది.

"నాది కాదన్నట్టు" అన్నారు.

"మీది కాదు సార్."

"ఈ గడిల ఉన్నది నా జాగనే. గని అది సచ్చిన జాగ కాదు. ఎవరు పిలిచిన్రో గా జాగ. నేను కంపెనీ ముక్కను పిలిచిన, ఆడికి పోయినంక సచ్చింది." ఆ మాట అంటున్నప్పుడు ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. తప్పు తనది కానందుకు కాదు, లెక్క కుదిరినందుకు. అది చూసి నాకు ఇంకా కష్టమైంది.

తర్వాత అడిగారు. "దస్కత్ పెట్టినవ్ గద, కట్ట గుచ్చిన అని?"

"పెట్టాను."

"ఇంకెన్ని దినాలున్నది నీ ప్రొబేషన్?"

"ఇంకా మూడు నెలలుంది సార్."

పేజీ మడిచి నా చేతికే ఇచ్చారు.

"నేను తీస్కపోతే నీ మీద చాడీ చెప్పినట్టైతది. నువ్వు తీస్కపోతే జరిగింది చెప్పినట్టైతది. నేనైతే పోను. నీ ఇష్టం."

"ప్రొబేషన్ అయిపోగానే నేనే వెళ్ళి చెబుతాను సార్."

"సరే" అన్నారు.

మూడు నెలలు గడిచాయి. నన్ను పర్మనెంట్ చేశారు. ఆ వారం డైరెక్టరుగారు సెలవులో ఉన్నారు. తర్వాత మా చెల్లి పెళ్ళి. తర్వాత డైరెక్టరు మారిపోయారు. కొత్తాయనకు ఆ సంగతే తెలియదు, మొదటి నుంచి చెప్పాలి. తర్వాత ఆ మిషనే తీసేశారు. ఒక్కో కారణం వచ్చినప్పుడు అది నిజమైన కారణంలాగే ఉండేది. వాదించడం వచ్చినదానికి కారణాల కరువేముంది?

ఆయన అడగలేదు. ఒక్కసారి కూడా. అదే బస్సు, అదే మలక్‌పేట. ఎల్బీనగర్‌లో కొత్తగా లేచిన కాలనీల గురించి, కరెంటు గురించి, ఎవరి తెలుగు అసలు తెలుగు అన్నదాని గురించి కొట్లాడుకుంటూనే ఉన్నాం. మాటల మధ్య కొంచెం ఖాళీ వస్తే, ఇప్పుడడుగుతారేమో అనుకునేదాన్ని. అందుకని ఖాళీ రానిచ్చేదాన్ని కాదు. నేను అంత వాగుడుకాయను ఎప్పుడయ్యానని ఎవరైనా అడిగితే ఆ ఏళ్ళలోనే అని చెప్పాలి. ఆయన వింటూ, "అదీ నిజమే" అంటూ ఉండేవారు. వేళ్ళ మీద లెక్కపెట్టడం మానేశారని నాలుగేళ్ళ తర్వాత గమనించాను. అప్పటికే ఎప్పుడో మానేసి ఉంటారు.

నేను ఆ ఉద్యోగం వదిలి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాను. ఆయన టేపుల గదిలోనే రిటైరయ్యారని విన్నాను.

బెండకాయలు కొన్న మూడో రోజున కర్మన్‌ఘాట్ వెళ్ళాను. పాత ఇల్లు లేదు. దాని జాగాలో మూడంతస్తులు. కింద వరండాలో ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పబోయేలోపే ఆవిడ అంది.

"బస్సుల లొల్లి వెట్టే గుంటూరు పిల్లవు గాదూ. రా, కూసో. ఆయన చెప్తుండె నీ ముచ్చట్లు."

"ఏం చెప్పేవారు అక్కా?"

"మంచిగ కొట్లాడ్తదని చెప్తుండె. ఇంకేం చెప్తడు."

పరామర్శ మాటలు నాకు చేతకావు. నేరుగా మొదలుపెట్టాను. కట్ట, సంతకం, తలకిందులైన వరస, ఫారం, మూడు నెలలు. ఆవిడకు కంప్యూటర్ ముక్క తెలియదు. నేను చెప్పింది ఎంత అర్థమవుతుందో తెలియదు. అయినా ఆపకుండా చెప్పాను. అయ్యాక ఆవిడ అడిగింది.

"అంటే గప్పుడు తప్పు ఆయనది గాదా?"

"కాదు అక్కా."

"ఆయనకెరికేనా, తనది గాదని?"

"తెలుసు. నెల రోజులకే తెలుసు. నేనే చెప్పాను."

ఆవిడ చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది. లోపల ఎవరో మిక్సీ వేశారు, ఆపారు.

"పిల్లలకు పరీక్షలొచ్చినప్పుడల్ల చెప్తుంటి" అంది. "మీ నాయన తీరుగ తొందర పడకుండ్రి, ఒకటికి రెండుసార్లు చూస్కోండ్రి, తొందరపడే ఆయన కుర్సీ పోగొట్టుకున్నడు అని. బువ్వ తినేటప్పుడు చెప్తుంటి, చుట్టాలల్ల చెప్తుంటి. ఆయన పక్కకే కూసోని వినేటోడు. ఒక్కనాడన్న కాదనలే. పెరుగు జర ఎయ్యుమనేటోడు."

క్షమించమని అడగాలని వచ్చాను. అడగడానికి అక్కడ చోటు కనిపించలేదు. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. తిడితే నాకు తిరిగి ఏదో ఒకటి అనడం వచ్చు.

ఆవిడ చేత్తో నేల ఆనుకుని లేచింది. మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి చూసి, కొడుకును, కూతురును పేర్లు పెట్టి పిలిచింది. ఇద్దరూ దిగి వచ్చారు. నడి వయసు మనుషులు. కొడుక్కు తలంతా కొత్తగా గుండు. ఏమైందో అన్నట్టు నన్ను చూశారు.

"కూసోండ్రి" అంది వాళ్ళతో. తర్వాత నాతో, "ఇప్పుడు నాకు చెప్పినవ్ గద. మళ్ల చెప్పు. మొదటికెల్లి చెప్పు. నేను చెప్తే నమ్మరు, ముప్పై ఏండ్లు వేరే తీరు చెప్పిన" అంది.

వాళ్ళు చాప మీద కూర్చున్నారు. కూతురు చేతిలోని ఫోను బోర్లా పెట్టింది. నేను మొదటి నుంచి చెప్పాను. దొంగ సంతకం పెట్టాను అన్న చోట కొడుకు ఆపి, "మీరా?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.